ప్రభువు చెప్పాడన్నాను

జూన్ 2, ఆదివారం

ఈ రోజు మందిరంలో నోరు తెరిచాను. పదకొండేళ్ళ తర్వాత.

సాక్ష్యాల సమయంలో నా ముందు ఒకావిడ లేచి పంటి నొప్పి తగ్గినందుకు స్తోత్రం చెప్పింది. ఆమె కూర్చోగానే నేను లేచాను. లేవాలని ముందుగా అనుకోలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను గానీ, అది ప్రతి ఆదివారం వేసుకునేదే.

"ఆరు ఆదివారాల్లోపల మా అన్నయ్య ఈ మందిరంలోకి వచ్చి, ఈ బెంచీ మీద నా పక్కన కూర్చుంటాడు. ప్రభువు చెప్పాడు" అన్నాను.

వెనక ఎవరో దగ్గారు. రిజిస్టరు తాతగారు సంచిలోంచి రిజిస్టరు తీశారు. ఆయన పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు. కలం మూత తీయడానికే ఒక నిమిషం తీసుకుంటారు.

"మళ్ళీ చెప్పు బాబూ. ఒక్క ముక్క పోకుండా రాయాలి" అన్నారు.

మళ్ళీ చెప్పాను. ఆయన రాసి, చదివి వినిపించి, నా చేత సంతకం పెట్టించారు. గడువు జూలై 14.

రేపు ముసలితనంలో ఇది చదువుకుంటే గుర్తుండదేమో, రాసి పెడతాను. మా సంఘంలో ఎవరైనా "ప్రభువు చెప్పాడు" అంటే ఆ మాటను తేదీతో సహా రిజిస్టరులో ఎక్కిస్తారు. గడువు రోజున అందరి ముందూ చదివి, జరిగిందనో జరగలేదనో పక్కన రాస్తారు. ఈ పద్ధతి పెట్టాక మావాళ్ళతో ప్రభువు మాట్లాడటం బాగా తగ్గిపోయింది. ఇప్పుడు అందరూ "నాకెందుకో అనిపిస్తోందండీ" దగ్గరే ఆగిపోతున్నారు.

ఇంటికి వచ్చాం. మా ఆవిడ తాళం తీస్తూ, "బావగారికి తెలుసా?" అంది.

"ఏమిటి?"

"ఆయన వస్తున్నారని."

లోపలికి వచ్చి ఇది రాస్తున్నాను. మనసు తేలికగా ఉంది. చాలా సంతోషంగా ఉంది.

జూన్ 3, సోమవారం

మా గొడుగుల ఫ్యాక్టరీలో గుడ్డ కుట్టే అక్క మా సంఘమే. అంటే నేను ఫ్యాక్టరీ గేటు దాటేసరికి నా సంగతి నాకన్నా ముందే లోపలికి వెళ్ళిపోయి ఉంది.

"ప్రవక్తగారొచ్చారు, లేవండి, లేవండి!" అని అరిచాడు మైకు. మైకు గొడుగులకి పిడులు బిగిస్తాడు. వాడు గుసగుసలాడినా గేటు దాకా వినబడుతుంది, అందుకే ఆ పేరు. సూపర్వైజరు గారు కూడా తక్కువ తినలేదు. "వానలు ఎప్పుడు మొదలవుతాయో ప్రభువును అడిగి చెప్పండి, నల్లవి ఇంకో రెండువేలు చేయిద్దాం" అన్నారు.

నేను చిరునవ్వు నవ్వి నా బల్ల దగ్గర కూర్చున్నాను. నా పని తనిఖీ. ప్రతి గొడుగునూ మూడుసార్లు విప్పి, మూడుసార్లు మూసి, ఊచలన్నీ సరిగ్గా నిలబడ్డాయో లేదో చూసి స్టిక్కరు అంటించాలి. ఈ రోజు నాలుగు వందల పదహారు చూశాను. ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. ఎగతాళిని ఓర్చుకుంటున్నవాడికి చేతులు కూడా బాగా నడుస్తాయని తెలిసింది.

జూన్ 4, మంగళవారం

అన్నయ్య మీద నాకు కోపం ఏమీ లేదు. ఎప్పుడూ లేదు.

జూన్ 7, శుక్రవారం

ఈ వారం నన్ను అడిగినవి: ప్యాకింగు పిల్లకి పుట్టేది ఆడా మగా, సూపర్వైజరు గారి బట్టతల మీద మళ్ళీ జుట్టు వస్తుందా, మైకు వాళ్ళ అత్తగారు ఊరెళ్ళేది ఎప్పుడు. మూడోదాని మీద మైకు నిజంగానే ఆశ పెట్టుకున్నట్టు కనిపించాడు.

నా బల్ల మీద ఎవరో సుద్దముక్కతో "ఇక్కడ భవిష్యత్తు చూడబడును, గొడుగు ఉచితం" అని రాశారు. నాకే నవ్వొచ్చింది. తుడవబుద్ధి కాలేదు.

సాయంత్రం మా ఆవిడతో అన్నాను. "పొడినేల మీద ఓడ కట్టిన పెద్దాయనని చూసి ఎంత నవ్వి ఉంటారు! బురద గోతిలోకి దించిన ప్రవక్త సంగతి చూడు. ఆయన్ని రోజంతా ఆటపట్టించారు. ప్రభువు మాట మోసేవాళ్ళకి ఇది మామూలే."

ఆవిడ కూరగాయలు తరుగుతూనే ఉంది. "ఆ గోతిలో ఆయనకి సుద్దముక్క రాతలు చదువుకునే వెలుతురు ఉందంటారా?" అంది.

ఎదుటివాళ్ళ సంతోషం మీద నీళ్ళు చల్లడం ఈవిడకి బాగా వచ్చు.

జూన్ 9, ఆదివారం

మొదటి ఆదివారం. బెంచీ మీద నా పక్కన ఒక మనిషి చోటు వదిలి కూర్చున్నాను. రాలేదు. ఇంకా ఐదున్నాయి.

జూన్ 12, బుధవారం

ఫ్యాక్టరీకి సూటిగా వెళ్తే పన్నెండు నిమిషాలు. నేను పార్కు వైపు నుంచి వెళ్తాను, ఇరవై ఐదు. అటు నీడ ఎక్కువ. డాక్టరు కూడా నడవమన్నాడు.

(సూటి దారిలో అన్నయ్య సైకిల్ షాపు ఉంది. అందుకు కాదు.)

జూన్ 16, ఆదివారం

ఈ రోజు జరిగింది తలచుకుంటే ఇప్పటికీ కడుపు నొప్పి పుడుతోంది నవ్వుతో.

రెండో కీర్తన మధ్యలో వెనక తలుపు తెరుచుకుంది. అందరూ ఒకేసారి తిరిగారు. హార్మోనియం ఆగిపోయింది. గుమ్మంలో ఒక మనిషి, అన్నయ్యంత ఎత్తు, భుజాన సంచి. ఎండ ఆయన వెనక నుంచి వస్తోంది, మొహం కనబడలేదు. లేచి నిలబడ్డాను.

స్వాగతం చెప్పే ఆయన పరుగెత్తి వెళ్ళి ఆ మనిషిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. ఆ మనిషి ఏదో చెప్పబోతే, "పర్వాలేదండీ, ఇన్నాళ్ళకి వచ్చారు, అదే చాలు" అని కీర్తనల పుస్తకం చేతిలో పెట్టి నా పక్కన కూర్చోబెట్టాడు. అక్క అప్పటికే కళ్ళు తుడుచుకుంటోంది.

అన్నయ్య కాదు. ఎప్పుడూ చూడని మనిషి.

రిజిస్టరు తాతగారు కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చి, "నువ్వు ఇతని అన్నవేనా బాబూ?" అని అడిగారు.

"కాదండీ. నీళ్ళ మీటరు రీడింగు చూడ్డానికొచ్చాను. ఆదివారం తప్ప ఇక్కడ తలుపు తీసి ఉండదు కదండీ."

ముందు పిల్లలు నవ్వారు. తర్వాత పాస్టరుగారు. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. మీటరాయన మంచివాడు, మొహమాటపడి ఆరాధన అయ్యేదాకా కూర్చున్నాడు. పాటలు కూడా పాడాడు, ఒకటి రెండు చోట్ల మాకన్నా శ్రుతిలో. వెళ్తూ వెళ్తూ, "మీ అన్నయ్య తొందరగానే వస్తారులెండి" అని నన్ను ఓదార్చాడు.

నేను కూడా నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం, ఆ తలుపు తెరుచుకున్నప్పుడు నాకు కలిగింది సంతోషం కాదనిపించింది. లేచి నిలబడ్డాను నిజమే. ఎటు పోవాలా అని పక్క గుమ్మం వైపు కూడా చూశాను.

జూన్ 18, మంగళవారం

మా ఆవిడ అడిగింది, "ఇంతకీ ప్రభువు మీతో ఎలా చెప్పాడు?"

గడ్డం గీసుకుంటుంటే స్వరం వినిపించింది అన్నాను.

జూన్ 19, బుధవారం

నిన్న స్వరం అన్నాను. స్వరం కాదు. గట్టి ఆలోచన లాంటిది.

జూన్ 23, ఆదివారం

మూడో ఆదివారం. పాస్టరుగారు నిందను ఓర్చుకోవడం గురించి ప్రసంగించారు. మంచి కోసం బాధపడటం ధన్యత అన్నారు. సగం మంది నా వైపు చూశారు. నేను వీపు నిటారుగా పెట్టుకుని కూర్చున్నాను.

అయిపోయాక వెళ్ళి, "నన్ను బలపరచడానికే చెప్పారు, వందనాలండీ" అన్నాను.

పాస్టరుగారు వయసులో నాకన్నా పదేళ్ళు చిన్న. చెప్పాలా వద్దా అని నిమిషం ఆలోచించారు. "మిమ్మల్ని చూసి చెప్పలేదండీ. ఒక్కటి అడగనా? నవ్వుతున్నారు కదా, దేనికి నవ్వుతున్నారు? మీరు మంచి పని చేసినందుకా?"

కీర్తనల పుస్తకం సంచిలో పెట్టుకోబోయాను. ఆయన ఆగలేదు.

"ప్రవక్తలు ఎప్పుడో జరగబోయేది చెప్పింది కొంతే. ఎక్కువగా చెప్పింది ఇవాళ్టి సంగతి. లే, వెళ్ళు, మానెయ్యి, తిరిగి ఇచ్చెయ్యి, ఇలాంటివి. విన్నవాళ్ళకి ధైర్యమో ఓదార్పో దొరికితే అది ఆయన మాట అని కొంత నమ్మొచ్చు. మీకు మాత్రం ఆరు ఆదివారాలు వినబడింది గానీ, 'వెళ్ళు' అని ఏమీ వినబడలేదా?"

"లేదండీ" అన్నాను. ఆయన ప్రశ్న పూర్తి కాకముందే అన్నాను.

జూన్ 24, సోమవారం

ఐదు గొడుగులు వెనక్కి వచ్చాయి. ఊచ వంకరగా ఉన్నవాటికి కూడా స్టిక్కరు అంటించానట. "ప్రవక్తగారూ, వచ్చే కాలం చూస్తూ ఎదురుగా ఉన్నది వదిలేస్తున్నారు" అన్నాడు మైకు. వాడు తెలిసి అన్నాడో తెలియక అన్నాడో గానీ, తల కొట్టేసినట్టైంది.

జూన్ 27, గురువారం

సాయంత్రం రిజిస్టరు తాతగారు ఇంటికి వచ్చారు. సంచి చంకలోనే ఉంది. గడువు దగ్గర పడితే ఒకసారి మనిషిని చూసి వెళ్ళడం ఆయన అలవాటు.

"ఇంకా మనసు మార్చుకోవచ్చు. కొట్టేయమంటే కొట్టేస్తాను. అందరి ముందూ చదవక్కర్లేదు" అన్నారు.

వద్దన్నాను.

ఆయన రిజిస్టరు తెరిచి మొదటి పేజీ నా ముందు పెట్టారు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

మొదటి పేజీ నాదే. వదిన గురించి. ఈ రోజు ఇంతకన్నా రాయలేను.

జూన్ 28, శుక్రవారం

రాస్తాను.

వదిన ఆసుపత్రిలో ఉన్న రెండో వారం. అన్నయ్య గది బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మూడు రోజులుగా గడ్డం గీసుకోలేదు. నన్ను చూసి లేచి, "ఏమవుతుందిరా?" అన్నాడు. చిన్నప్పుడు చీకట్లో నేను వాడిని అడిగేవాణ్ని అలా. వాడు నన్ను అడగడం అదే మొదటిసారి.

"లేచి నడుస్తుంది. ప్రభువు నాతో చెప్పాడు" అన్నాను.

ఆ ఆదివారం మందిరంలో కూడా చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. మంగళవారం వదిన పోయింది.

భూస్థాపన రోజున అన్నయ్య నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది. ఆ తర్వాత మందిరానికి రాలేదు. మా ఇంటికి కూడా రాలేదు. నేను కూడా వెళ్ళలేదు. నెల తిరక్కముందే తాతగారు రిజిస్టరు కొన్నారు. మొదటి పేజీలో నా మాట, పక్కన "జరగలేదు". అది నా కోసమే కొన్నారని అందరికీ తెలుసు. నాకూ తెలుసు. అక్కడి నుంచి జూన్ 2 దాకా నేను ప్రార్థనలో కూడా గట్టిగా ఆమేన్ అనలేదు.

ఆ మొదటి పేజీ ఎలాగైనా మాసిపోవాలని ఇప్పుడు ఈ రెండో మాట అన్నానా?

లేదు. అందుకు కాదు.

జూన్ 29, శనివారం

అందుకే.

జూన్ 30, ఆదివారం

నాలుగోది. పక్కన చోటు వదల్లేదు. నా సంచి పెట్టుకున్నాను.

జూలై 1, సోమవారం

ఓహో! ఈ రోజు ఫ్యాక్టరీలో ఏమైందో ముందు అది రాయాలి.

మైకు గంటన్నర ఆలస్యంగా వచ్చాడు, చెమటలు కక్కుకుంటూ, సైకిలు నడిపించుకుంటూ. వెనక టైరు చట్రం మీద వేలాడుతోంది, ట్యూబు వాడి మెడలో ఉంది. వచ్చీ రాగానే నా బల్ల మీద చెయ్యి చరిచాడు.

"మీ అన్నయ్య సైకిల్ షాపాయనని నాకు ఒక్క ముక్క చెప్పి ఉండకూడదా?"

సంగతి ఇది. పొద్దున్నే దారిలో పంక్చరైంది. కనబడ్డ షాపులోకి వెళ్ళాడు. షాపాయన ట్యూబు బయటికి లాగి, నీళ్ళలో ముంచి చూస్తుంటే, మనవాడు ఊరికే కూర్చోలేక నా గురించి మొదలుపెట్టాడు. మా ఫ్యాక్టరీలో ఒక గొడుగు ప్రవక్త ఉన్నాడు, వాళ్ళ అన్న వస్తాడని ప్రభువు చెప్పాడట, ఆ అన్నకి ఈయన మొహం చూడటమే గిట్టదట, అని నవ్వాడట. షాపాయన కూడా ఏదో నవ్వుతున్నట్టే ఉంటే ఇంకా రెచ్చిపోయాడట.

"అప్పుడు లేచాడండీ! నా ట్యూబు నా మెడలో వేశాడు దండలాగా. 'వాణ్ని తిట్టడానికి నేనున్నాను. పుట్టినప్పటి నుంచి ఆ పని నాది. నువ్వెవడివిరా మధ్యలో? నీ బండికి నా దగ్గర అతుకు లేదు, పో' అన్నాడు. ఇంకో షాపు దొరక్క ఊరంతా తిప్పుకుంటూ తోసుకొచ్చాను!"

అందరూ విరగబడి నవ్వారు. ఈసారి మైకుని చూసి. నేను చేతిలో ఉన్న గొడుగు విప్పి దాని వెనక మొహం పెట్టుకున్నాను. అక్క వచ్చి, "ఏమైంది?" అంటే, ఊచలు చూస్తున్నానన్నాను. ఆ ఒక్క గొడుగుని ఎన్నిసార్లు విప్పి మూశానో తెలియదు.

పుట్టినప్పటి నుంచి ఆ పని నాది అన్నాడట.

మధ్యాహ్నం మైకు సైకిలు నేనే బాగు చేశాను. నాకు కూడా వచ్చు. నేర్పింది అన్నయ్యే.

జూలై 2, మంగళవారం

చూశారా, వాడి మనసు మెత్తబడింది. ఇక వస్తాడు. ప్రభువు తన దారిలో తాను పని చేస్తూనే ఉన్నాడు. నేను ఓపికగా కనిపెట్టుకుని ఉంటే చాలు.

మా ఆవిడకి ఇదే చెప్పాను. ఆవిడ గరిటె కింద పెట్టేసింది. ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఆవిడ అలా గరిటె కింద పెట్టడం రెండోసారి.

"ఏమండీ, బావగారు మీ కోసం వీధిలో కొట్లాట పెట్టుకున్నారు. మీరు బెంచీ మీద సంచి పెట్టుకుని కూర్చుంటారు. ఆయన రావాలా! ఆయనెందుకు రావాలి? అబద్ధం చెప్పింది ఆయనా?"

అబద్ధం అన్న మాట ఈ ఇంట్లో పదకొండేళ్ళుగా ఎవరూ వాడలేదు.

జూలై 7, ఆదివారం

ఐదోది. ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే ఒక్క మాటే వచ్చింది. వెళ్ళు. స్వరమేమీ కాదు. బూట్లలో ఇసుక లాగా ఉంది. ఇది కూడా నాదేనేమో తెలియదు. కానీ దీన్ని నేను కోరుకోలేదు, అది మాత్రం ఖాయం.

జూలై 9, మంగళవారం

వెళ్ళాను.

ఫ్యాక్టరీ వదిలాక సూటి దారిలో నడిచాను. షాపులో అన్నయ్య ఒక చక్రాన్ని స్టాండుకి బిగించి తిప్పుతున్నాడు, వంకర ఎక్కడుందో చూస్తూ. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. నాకు ఆ సంగతి తెలియదు. రెండు వీధుల అవతల ఉంటూ తెలియదు.

తల ఎత్తకుండానే, "గాలికైతే పంపు బయట ఉంది" అన్నాడు.

"అన్నయ్యా."

చక్రం తిరుగుతూనే ఉంది. అది ఆగేదాకా ఇద్దరం దాన్నే చూశాం.

చెప్పడానికి చాలా సిద్ధం చేసుకుని వెళ్ళాను, ప్రసంగంలా. ఒక్కటీ గుర్తు రాలేదు. "ఆ రోజు ఆసుపత్రిలో ప్రభువు నాకేమీ చెప్పలేదు. నువ్వు నన్ను అడిగావు కదా, నీ మొహం చూడలేకపోయాను. భయమేసి అనేశాను. అన్నాక వెనక్కి తీసుకోలేక మందిరంలో కూడా చెప్పాను. నాదే తప్పు. ఆయన మీద పెట్టి నేను తప్పించుకున్నాను" అన్నాను.

అన్నయ్య చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. ఒక్కొక్క వేలూ తుడిచాడు.

"నువ్వు చెప్పావని నమ్మానురా. లేచి నడుస్తుందన్నావు కదా, ఆ మంగళవారం ఇంటికెళ్ళాను, ఆవిడ చెప్పులు కడిగి ఎండబెడదామని. చెప్పులు కడుగుతున్నాను నేను. అక్కడ ఆవిడ ఒక్కతే పోయింది."

ఈ సంగతి నాకు తెలియదు. ఎవరికీ చెప్పలేదట. నేను షాపు గుమ్మంలో పాత టైర్ల మీద కూలబడ్డాను. ఎంత సేపు ఏడ్చానో. దారిన పోయేవాళ్ళు చూస్తున్నారని తెలుసు. మొదటిసారి, వాళ్ళేమనుకుంటారన్నది పట్టలేదు.

అన్నయ్య నీళ్ళ గ్లాసు తెచ్చి నా పక్కన పెట్టాడు. "రెండు వీధులు నడవడానికి పదకొండేళ్ళు పట్టింది నీకు. సైకిలు కొనుక్కోవలసింది" అన్నాడు.

ఏడుస్తూనే నవ్వొచ్చింది. ఇద్దరికీ.

కాసేపయ్యాక వాడే అన్నాడు, "నీ ఆదివారం ఇంకొకటి మిగిలింది కదా. చూడు, నేను రాను. వస్తే నువ్వు గెలిచినట్టవుతుంది."

"రావద్దు" అన్నాను. "దణ్ణం పెడతాను, ఆ రోజు మాత్రం రాకు అన్నయ్యా. నువ్వొస్తే నేను చెప్పిన అబద్ధం నిజమై కూర్చుంటుంది. నేను లేచి అందరి ముందూ ఒప్పుకోవాలి. నువ్వు పక్కన కూర్చుని ఉంటే ఎలా ఒప్పుకుంటాను?"

అన్నయ్య నన్ను వింతగా చూశాడు. ఆ తర్వాత స్టాండు పట్టుకుని నవ్వాడు, చిన్నప్పటి నవ్వు, ముక్కుతో గురక వస్తుంది అందులో. "జనం రమ్మని పిలుస్తారు. వీడు రావద్దని బతిమాలుతున్నాడు. ఇలాంటి ప్రవక్తని నేనెక్కడా చూడలేదురా!"

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. కాళ్ళు నేల మీద లేవు.

జూలై 10, బుధవారం

ఈ రోజు ఒక్క గొడుగూ వెనక్కి రాలేదు. వదిన చెప్పుల సంగతి రోజంతా మనసులో ఉంది. అయినా సంతోషంగా ఉంది. రెండూ ఒకేసారి ఉండగలవని తెలియదు నాకు.

జూలై 14, ఆదివారం

రాత్రి చాలా పొద్దుపోయింది. అయినా ఇవాళే రాయాలి.

మందిరం నిండిపోయింది. పండగలకి కూడా అంతమంది రారు. సూపర్వైజరు గారు భార్యతో వచ్చారు. మైకు మూడో వరసలో, అత్తగారితో సహా. మీటరాయన కూడా వచ్చాడు, ఏమైందో తెలుసుకోకపోతే అన్నం సహించదట.

రిజిస్టరు తాతగారు లేచి చదివారు. "జూన్ 2. ఆరు ఆదివారాల్లోపల మా అన్నయ్య ఈ మందిరంలోకి వచ్చి, ఈ బెంచీ మీద నా పక్కన కూర్చుంటాడు. ప్రభువు చెప్పాడు." కళ్ళజోడు మీదుగా నా వైపు చూశారు. "జరిగిందా?"

లేచాను. పదకొండేళ్ళ కింద ఇక్కడే లేచినప్పుడు చప్పట్లు కొట్టారు.

"జరగలేదు. జరగదు కూడా. ప్రభువు చెప్పలేదు, నేనే చెప్పాను. మొదటి పేజీలో ఉన్నది కూడా నేనే చెప్పాను. ఆ రోజు మా అన్నయ్య మొహం చూడలేక ఆయన పేరు వాడుకున్నాను. ఈసారి నా పరువు కోసం వాడుకున్నాను. నెల రోజులుగా మీరు నవ్వుతుంటే, నేను ఆయన కోసం నిందలు పడుతున్నానని మురిసిపోయాను. మీరు నవ్వింది సరైనదానికే. క్షమించమని ఆయన్ని అడిగాను. మా అన్నయ్యని అడిగాను. ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను."

నవ్వుతారనుకున్నాను. నవ్వితే ఈసారి అది పూర్తిగా నాదే, ఎవరితోనూ పంచుకోనక్కర్లేదు. అంత హాయిగా నేనెప్పుడూ నిలబడలేదు మందిరంలో.

అప్పుడు వెనక నుంచి ముక్కుతో గురక వచ్చే నవ్వు వినబడింది.

వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. అన్నయ్య మెట్ల మీద నిలబడి ఉన్నాడు, సైకిలు పట్టుకుని. గడప అవతల. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

స్వాగతం చెప్పే ఆయన పరుగెత్తబోతే అన్నయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "లోపలికి లాగకండి బాబూ! నేను వస్తే మావాడి మాట నిజమైపోతుంది. వాడు రావద్దని ఏడ్చి మరీ చెప్పాడు. ఇక్కడి నుంచే వింటాను. వాణ్ని చూసి నవ్వేవాళ్ళు ఇంతమంది ఉన్నప్పుడు, వాడి మనిషి ఒక్కడైనా ఉండాలి కదా."

తాతగారు కలం పట్టుకుని నిలబడ్డారు. ముప్పై ఎనిమిదేళ్ళ పోస్టాఫీసు ఉద్యోగంలో ఇలాంటి ఉత్తరం ఆయన చేతికి వచ్చి ఉండదు. "లోపలా, బయటా?" అని అడిగారు, పూర్తి గంభీరంగా.

"బయటే. రాసుకోండి."

ఆయన రాసుకున్నారు. అప్పుడు నవ్వింది సంఘం. మైకు అత్తగారు కూడా నవ్వింది. అక్క ఏడ్చింది, ఆవిడ ఎప్పుడూ అంతే. పాస్టరుగారు ఇక ప్రసంగం వద్దని కీర్తన ఎత్తుకున్నారు.

నేను బెంచీ వదిలి, వరసల మధ్య నుంచి నడిచి, గడప దాటి వెళ్ళి అన్నయ్య పక్కన మెట్టు మీద కూర్చున్నాను. ఆరాధన అంతా అక్కడే కూర్చున్నాం ఇద్దరం, ఎండలో. మధ్యలో మా ఆవిడ కూడా వచ్చి పై మెట్టు మీద కూర్చుంది.

"మళ్ళీ ఎప్పుడైనా ప్రభువు చెప్పాడంటావా?" అని అడిగాడు అన్నయ్య.

"తొందరపడి అనను."

"ఆయన నిజంగానే చెబితే?"

"ముందు ఆయన చెప్పింది చేసి, తర్వాత చెబుతాను."

వాడు తల ఊపాడు. లోపల పాడుతున్నారు. వాడి పెదాలు కదులుతున్నాయా అని చూశాను. కదల్లేదు. పర్వాలేదు.

"అన్నయ్యా, నాకు ఆకలేస్తోంది. ఇంటికి పోదాం రా. ఇది మాత్రం ఆయన చెప్పింది కాదు, నేనే చెబుతున్నాను" అన్నాను.

"నువ్వేనని తెలుస్తూనే ఉందిలే. చిన్నప్పుడు కూడా ప్రార్థన మధ్యలోనే వేసేది నీకు ఆకలి" అని లేచి నాకు చెయ్యి అందించాడు.

అన్నయ్య మా ఇంట్లో కూర్చుని తిన్నాడు. సగంలో వదినని తలచుకుని ఏడ్చాడు. ఈసారి నేను వాడి మొహం చూస్తూనే కూర్చున్నాను, ఏమీ అనకుండా. కాసేపయ్యాక వాడు కళ్ళు తుడుచుకుని గిన్నె నా వైపు జరిపాడు. మళ్ళీ వడ్డించుకున్నాం ఇద్దరం.